బ్లాకు నుంచి మండలం దాకా: స్థానిక ఆర్థికాభివృద్ధి విధాన చరిత్రలో విస్తరణ కార్యకర్త స్థానం

గ్రామంలో పనిచేసే వ్యవసాయ విస్తరణ కార్యకర్త ఎవరికి జవాబుదారీగా ఉండాలి? ఈ ప్రశ్నకు స్వతంత్ర భారతదేశం ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క సమాధానం చెప్పింది. 1952లో బ్లాకు అభివృద్ధి అధికారికి అన్నది. 1959లో ఎన్నికైన పంచాయతీ సమితికి అన్నది. 1970ల చివర వ్యవసాయ శాఖకు మాత్రమే అన్నది. 1993లో రాజ్యాంగమే తిరిగి పంచాయతీల వైపు వేలు చూపింది. ఈ మార్పులను విస్తరణ విద్యార్థులు సాధారణంగా పథకాల పేర్లుగా, ప్రారంభ సంవత్సరాలుగా కంఠస్థం చేస్తారు. వాటి వెనుక నడిచిన అసలు వాదం మాత్రం వేరు. ఒక ప్రాంతపు ఆర్థికాభివృద్ధిని నిర్ణయించే హక్కు ఎవరిది, ఆ నిర్ణయానికి యూనిట్టు ఏది అన్నదే ఆ వాదం. వ్యవసాయ విస్తరణ స్వరూపం ప్రతిసారీ ఆ వాదం తేలిన తీరును బట్టే మారింది.

పునాదులు

స్వాతంత్ర్యానికి పూర్వం జరిగిన గ్రామ పునర్నిర్మాణ ప్రయత్నాలలో శ్రీనికేతన్, మార్తాండం, గుర్‌గాఁవ్ పేర్లు పాఠ్యపుస్తకాలన్నింటిలోనూ కనిపిస్తాయి. అవి వ్యక్తుల చొరవతో పుట్టి, ఆ వ్యక్తులు తప్పుకోగానే బలహీనపడినవి. తెలుగు పాఠకులకు వీటికంటె దగ్గరి ఉదాహరణ మద్రాసు రాష్ట్రంలో 1946 చివర ఆరంభమైన ఫిర్కా అభివృద్ధి పథకం. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలో తొలుత 34 ఫిర్కాలలో మొదలైన ఈ పథకం రెవెన్యూ పాలనలో అప్పటికే ఉన్న ఫిర్కానే అభివృద్ధి యూనిట్టుగా తీసుకున్నది. తాగునీరు, రోడ్లు, పారిశుద్ధ్యం, ఖాదీ, వ్యవసాయం అన్నీ ఒకే చోట, ఒకే అధికారి కింద నడపాలన్నది దాని ఆలోచన. తరువాత వచ్చిన బ్లాకు ఊహకు ఇది ఎంతో సమీపమైనదే అయినా, చరిత్ర రాసేటప్పుడు దీనికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

ఉత్తర ప్రదేశ్‌లోని ఇటావా జిల్లాలో 1948లో మొదలైన ప్రయోగం జాతీయ విధానానికి నమూనాగా నిలిచింది. దాని రూపశిల్పి ఆల్బర్ట్ మేయర్ వృత్తిరీత్యా వాస్తుశిల్పి, నగర ప్రణాళికా నిపుణుడు. మహేవా కేంద్రంగా 64 గ్రామాలలో ఆరంభమైన ఆ పని రెండు విషయాలను నిరూపించింది. ఒకటి, రైతు వద్దకు ఒక్కొక్క శాఖ నుంచి ఒక్కొక్క ఉద్యోగి వెళ్ళేకంటె, అన్ని శాఖల తరఫున ఒకే బహుముఖ కార్యకర్త వెళ్ళితే నమ్మకం త్వరగా కుదురుతుంది. రెండు, ఆ నమ్మకానికి ఆధారంగా కంటికి కనిపించే ఒక ఫలితం ముందే ఉండాలి. ఇటావాలో ఆ ఫలితాన్ని ఇచ్చినవి పంజాబ్ 591 గోధుమ విత్తనం, పచ్చిరొట్ట ఎరువు. అక్కడ గ్రామస్థాయి కార్యకర్తకు అప్పగించినది నాలుగైదు గ్రామాలు మాత్రమేనన్న సంగతిని గుర్తుంచుకోవాలి.

అదే కాలంలో నీలోఖేరీలో కాందిశీకుల పునరావాసం కోసం ఎస్.కె.డే వృత్తివిద్య, సహకార ఉత్పత్తి ఆధారంగా ఒక పట్టణాన్ని నిర్మించారు. ఆయనే తరువాత సామాజిక అభివృద్ధి కార్యక్రమానికి సారథి అయ్యారు, 1956లో మంత్రి అయ్యారు.

బ్లాకు: ఆశ, అంకగణితం

1952 అక్టోబరు 2న దేశమంతటా 55 సామాజిక అభివృద్ధి ప్రాజెక్టులు ప్రారంభమయ్యాయి. ఒక్కొక్క ప్రాజెక్టు పరిధిలో సుమారు 300 గ్రామాలు, 2 లక్షల జనాభా ఉండేవి. ప్రాజెక్టును మూడు బ్లాకులుగా విభజించారు. అదే ఏడాది వి.టి.కృష్ణమాచారి అధ్యక్షతన ఆహారోత్పత్తి ఉద్యమాన్ని సమీక్షించిన సంఘం, గ్రామీణ జీవితంలోని సమస్యలు ఒకదానితో ఒకటి ముడిపడినవని, దేశమంతటికీ విస్తరణ వ్యవస్థ కావాలని చెప్పింది. ఫలితంగా 1953 అక్టోబరు 2న జాతీయ విస్తరణ సేవ ఏర్పడింది. (అక్టోబరు 2పై మన విధానకర్తలకున్న మక్కువ ఆ తరువాత కూడా తగ్గలేదు. 1959లో పంచాయతీ రాజ్, 1980లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథక విస్తరణ, 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాలు కూడ ఆ రోజునే మొదలయ్యాయి.)

బ్లాకు నిర్మాణం నేటికీ మండల వ్యవస్థలో నీడలా కనిపిస్తుంది. బ్లాకు అభివృద్ధి అధికారి, ఆయన కింద వ్యవసాయం, పశుపోషణ, సహకారం, పంచాయతీ మొదలైన విషయాలకు ఎనిమిదిమంది విస్తరణాధికారులు, వారి కింద పదిమంది గ్రామసేవకులు, ఇద్దరు గ్రామసేవికలు. సుమారు 100 గ్రామాల బ్లాకులో పదిమంది గ్రామసేవకులంటే ఒక్కొక్కరికి పది గ్రామాలు. ఇటావాలో నాలుగైదు గ్రామాలకు సరిపోయిన మనిషికి జాతీయ పథకంలో రెట్టింపు భారం మోపడంతోనే నమూనా మారిపోయింది. ఆ తేడాను అప్పట్లో ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

నిధుల విషయమూ ఇంతే. 1958 సవరణ తరువాత బ్లాకుకు మొదటి దశ ఐదేళ్ళకు 12 లక్షల రూపాయలు, రెండవ దశ ఐదేళ్ళకు 5 లక్షల రూపాయలు కేటాయించారు. మొదటి దశలోనే 100 గ్రామాలకు పంచితే గ్రామానికి ఏడాదికి 2,400 రూపాయలు. ఇందులోనే జీతాలు, జీపు, కార్యాలయ భవనం, రోడ్లు, బడి, బావి, వ్యవసాయం అన్నీ సర్దుకోవాలి. ఉన్న కొద్ది నిధి కంటికి కనిపించే కట్టడాల వైపు మళ్ళడం ఇటువంటి పరిస్థితిలో సహజం. పంట దిగుబడి పెరగడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. పాఠశాల గది మాత్రం వార్షిక నివేదికలో అదే ఏడాది చేరుతుంది.

గ్రామసేవకుని దినచర్యను పరిశీలిస్తే ఈ వ్యవస్థ బలం, బలహీనత రెండూ అర్థమవుతాయి. విత్తనాల పంపిణీ, ఎరువుల ఇండెంటు, కోళ్ళ టీకాలు, మరుగుదొడ్ల ప్రచారం, చిన్న మొత్తాల పొదుపు వసూలు, వయోజన విద్య తరగతి, పై అధికారుల పర్యటన ఏర్పాట్లు అన్నీ ఆయన పనులే. రైతు దృష్టిలో ఆయన ప్రభుత్వానికి ముఖం. పై అధికారి దృష్టిలో లక్ష్యాల పట్టికలో ఒక గడి. సేద్యపు సలహాకు ఎంత సమయం మిగిలిందన్న ప్రశ్నను అడగవలసినంతగా ఎవరూ అడగలేదు.

షాద్‌నగర్ నుంచి సమితి దాకా

సామాజిక అభివృద్ధి కార్యక్రమం ప్రజల చొరవను మేల్కొల్పలేకపోయిందని బల్వంత్‌రాయ్ మెహతా అధ్యయన బృందం 1957 నవంబరులో సమర్పించిన నివేదికలో తేల్చింది. నిధులు, అధికారం కలిగిన ఎన్నికైన సంస్థ స్థానికంగా లేకపోతే ప్రజలు అభివృద్ధిని ప్రభుత్వపు పనిగానే చూస్తారన్నది దాని వాదం. బ్లాకు స్థాయిలో పంచాయతీ సమితిని అసలైన కార్యనిర్వాహక సంస్థగా నిలపాలని, జిల్లా స్థాయి సంస్థకు సలహా, పర్యవేక్షణ అప్పగించాలని సూచించింది.

ఈ సూచనను అందుకోవడంలో ఆంధ్రప్రదేశ్ ముందున్నది. 1958 జులైలోనే జిల్లాకొక బ్లాకు చొప్పున 20 బ్లాకులలో తాత్కాలిక పంచాయతీ సమితులను ప్రయోగాత్మకంగా ఏర్పాటుచేసింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీ రాజ్‌ను ప్రారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ, అదే నెలలో మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవస్థను ప్రారంభించారు. నవంబరు 1 నుంచి రాష్ట్రమంతటా సమితులు, జిల్లా పరిషత్తులు అమలులోకి వచ్చాయి.

గ్రామసేవకుడు, విస్తరణాధికారి ఇక సమితి ఉద్యోగులయ్యారు. బ్లాకు అభివృద్ధి అధికారి సమితికి కార్యనిర్వాహకుడయ్యాడు. అయితే జిల్లా పరిషత్తు స్థాయీ సంఘాలకు కలెక్టరే అధ్యక్షుడు కావడం వల్ల ఎన్నికైన వ్యవస్థకు, రెవెన్యూ వ్యవస్థకు మధ్య గీత స్పష్టం కాలేదు. సమితికి సొంత రాబడి స్వల్పం. ఎక్కువ భాగం పథకాల వారీగా వచ్చే గ్రాంటు. ఏ ఖాతాలో ఎంత ఖర్చు పెట్టాలో పై నుంచే నిర్ణయమై వచ్చేది. స్వేచ్ఛ మిగిలినది రెండు మూడు చోట్ల మాత్రమే: రోడ్డు ఏ ఊరికి పోవాలి, రుణం ఎవరికి సిఫారసు చేయాలి, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుని ఎక్కడికి బదిలీ చేయాలి. సమితి రాజకీయమంతా ఈ మూడింటి చుట్టూ తిరిగిందంటే ఆశ్చర్యపడనక్కరలేదు. నిర్ణయాధికారం ఎంత ఇరుకుగా ఇస్తే పోటీ అంత ఇరుకైన విషయాలపై జరుగుతుంది. దీనిని పల్లె నాయకుల సంకుచితత్వంగా మాత్రమే చూపిన విమర్శలు సగం నిజమే చెప్పాయి. ఇక 1970 తరువాత సమితులకు మళ్ళీ ఎన్నికలు 1981లోగాని జరగలేదు.

జిల్లా యూనిట్టుగా: పశ్చిమ గోదావరి

పంచాయతీ రాజ్ వేళ్ళూనుకొనే సమయంలోనే దానికి పూర్తిగా భిన్నమైన ఆలోచన దేశంలో బలపడింది. ఆహార కొరతపై 1959లో ఫోర్డ్ ఫౌండేషన్ నిపుణుల బృందం ఇచ్చిన నివేదిక, వనరులను దేశమంతటా పలుచగా చల్లకుండా నీటి వసతి గల ప్రాంతాలలో కేంద్రీకరించాలని కోరింది. 1960-61లో ఏడు జిల్లాలలో సాంద్ర వ్యవసాయ జిల్లా కార్యక్రమం మొదలైంది. తంజావూరు, షాహాబాద్, రాయపూర్, అలీగఢ్, లూధియానా, పాలీలతోపాటు ఆంధ్రప్రదేశ్ నుంచి పశ్చిమ గోదావరి ఎంపికైంది. రైతులు, అధికారులు దీనిని ప్యాకేజీ ప్రోగ్రాం అనే పిలిచారు.

ప్యాకేజీ జిల్లాలో బ్లాకుకు గ్రామసేవకుల సంఖ్యను పది నుంచి ఇరవైకి పెంచారు. వారిని వ్యవసాయానికే పరిమితం చేయాలన్నారు. సహకార సంఘాల ద్వారా తగినంత రుణం, విత్తనం, ఎరువు, పురుగుమందు, గిడ్డంగి, భూసార పరీక్ష అన్నీ ఏకకాలంలో అందించాలన్నది పది అంశాల కార్యక్రమం. ప్రతి రైతుకు ఒక సాగు ప్రణాళిక తయారుచేయాలన్న నియమం దీనిలో ప్రధానమైనది. ఉద్దేశం ఉదాత్తమైనదే, ఆచరణలో ఆ ప్రణాళిక కాగితం రుణ దరఖాస్తుకు జతపరచవలసిన ఫారంగా మారింది. రైతుకు ఎరువు ఎంత కావాలన్నది చేను చూసి కాక, రుణ పరిమితి చూసి నింపడం జరిగింది.

సాగు శాస్త్రం దృష్టితో చూస్తే పశ్చిమ గోదావరి అనుభవం మరొక పాఠం చెబుతుంది. కార్యక్రమం మొదటి సంవత్సరాలలో దిగుబడి పెరుగుదల పరిమితంగానే ఉన్నది. కారణం విస్తరణలో లేదు, మొక్క నిర్మాణంలో ఉన్నది. డెల్టాలో అప్పటి వరి వంగడాలు పొడుగు రకాలు. నత్రజని మోతాదు పెంచితే మొక్క ఏపుగా పెరిగి, గింజ పాలుపోసుకొనే దశలో గాలివానకు పడిపోయేది. ఎరువుకు రుణం, ఎరువు, సలహా మూడూ ఉన్నా పైరు దానిని గింజగా మార్చుకోలేదు. పొట్టి రకమైన ఐ.ఆర్-8 వచ్చిన తరువాతే ప్యాకేజీకి అర్థం ఏర్పడింది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో దానిని సాగుచేసి పొందిన దిగుబడి, ఆ విత్తనాన్ని ఇతర రైతులకు చేర్చిన తీరు జిల్లాలో విస్తృతంగా చెప్పుకొనే ఉదంతం. అయితే విత్తనం వచ్చేనాటికి జిల్లాలో సహకార రుణం, ఎరువుల డిపోలు, పంట తెలిసిన సిబ్బంది సిద్ధంగా ఉండడం వల్లనే అది అంత వేగంగా వ్యాపించిందన్న మాట కూడా నిజమే. సంస్థ లేని విత్తనం, విత్తనం లేని సంస్థ రెండూ ఎంత దూరం పోగలవో ఈ ఒక్క జిల్లాలోనే పక్కపక్కన పరిశీలించవచ్చు.

ఈ విజయానికి మూల్యం విధాన స్థాయిలో చెల్లించవలసివచ్చింది. ఉత్పత్తి లక్ష్యం ముందుకు రావడంతో సామాజిక అభివృద్ధి వెనుకబడింది. 1966లో ఆ మంత్రిత్వ శాఖ ఆహార, వ్యవసాయ శాఖలో విలీనమైంది. మెట్ట జిల్లాలు వరుసలో చివరకు చేరాయి.

1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి ఒక నిర్ణయాన్ని ఇక్కడే ప్రస్తావించాలి. అమెరికా ల్యాండ్ గ్రాంట్ నమూనాలో బోధన, పరిశోధన, విస్తరణ మూడూ విశ్వవిద్యాలయం చేతిలోనే ఉంటాయి. ఇక్కడ మొదటి రెండూ విశ్వవిద్యాలయానికి వచ్చాయి. మూడవది అప్పటికే బ్లాకులో, సమితిలో స్థిరపడి ఉండడంతో క్షేత్రస్థాయి విస్తరణ సిబ్బంది ప్రభుత్వం కిందనే ఉండిపోయారు. విశ్వవిద్యాలయానికి శిక్షణ, సలహా మిగిలాయి. తరువాత వచ్చిన కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఈ ఖాళీని కొంత పూడ్చాయి కాని, క్షేత్ర సమస్య పరిశోధనా కేంద్రానికి తిరిగి చేరే దారి నేటికీ ఇద్దరు యజమానుల మధ్యనుంచే పోవలసి ఉన్నది.

కుటుంబం యూనిట్టుగా: గేదె లెక్క

అధిక దిగుబడి వంగడాల లాభం నీరు, భూమి ఉన్నవారికే ముందుగా అందుతున్నదన్న గ్రహింపుతో 1970-71లో సన్నకారు రైతుల అభివృద్ధి సంస్థలు, ఉపాంత రైతులు - వ్యవసాయ కూలీల ఏజెన్సీలు ఏర్పడ్డాయి. ఇవి రిజిస్టరు అయిన సొసైటీలు. సమితికి వెలుపల నిలిచినవి. అభివృద్ధి నిధిని ఎన్నికైన సంస్థను తప్పించి పంపే పద్ధతికి ఇదే తొలి మెట్టు. అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలకు 1973-74 నుంచి కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం వచ్చింది. 1978-79లో 2,300 బ్లాకులలో మొదలైన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం 1980 అక్టోబరు 2 నాటికి దేశంలోని 5,011 బ్లాకులకు విస్తరించింది. దీనిని నడిపినది జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ.

ఈ పథకంలో ప్రాంతం అన్న ఆలోచనే మాయమైంది. బ్లాకుకు ఐదేళ్ళకు 35 లక్షల రూపాయల సబ్సిడీ, ఏటా 600 చొప్పున 3,000 కుటుంబాలు. ఎడారి బ్లాకుకూ, డెల్టా బ్లాకుకూ అదే సంఖ్య. సగటున కుటుంబానికి సుమారు 1,170 రూపాయల సబ్సిడీ. ఉపాంత రైతుకు, కూలీకి సబ్సిడీ మూడవ వంతు కనుక, బ్యాంకు రుణంతో కలిపి మొత్తం ఆస్తి విలువ సుమారు 3,500 రూపాయలు. ఆ మొత్తానికి సరిపోయే ఆస్తులలో అన్నింటికంటె తేలికగా కొనగలిగినది, ఫోటో తీయగలిగినది పాడి పశువు. అందువల్ల దేశమంతటా గేదెలు పంచారు.

గేదె పాలు ఇవ్వాలంటే మేత కావాలి. రోజుకు ఐదారు కిలోల ఎండుమేత చొప్పున లెక్కించినా ఏడాదికి రెండు టన్నులు. రెండెకరాల మెట్ట వేరుశనగ వేసే కుటుంబానికి కరువు ఏడు అందులో సగం కట్టె కూడా రాదు. పచ్చిమేత మాటే లేదు. పాల సేకరణ కేంద్రం లేని ఊళ్ళో పాలు అమ్ముడుపోవు. ఒకే నెలలో ఒకే సంతలో వందల పశువులు కొనడంతో ధర పెరిగింది. ఒకే పశువు రెండు మూడు పేర్లతో చేతులు మారిన సందర్భాలు మూల్యాంకనాలలో నమోదయ్యాయి. రుణం మాత్రం రైతు పేరున నిలిచింది. ఆస్తి పంపిణీతో పేదరికం తొలగదని, వేతన ఉపాధికి ఎక్కువ చోటు ఇవ్వాలని ఆర్థికవేత్త నీలకంఠ రథ్ 1985లోనే వాదించారు. ప్రాంతపు మేత వనరు ఎంత, మార్కెట్టు ఎక్కడ, పశువైద్యుడు ఎక్కడ అని అడిగే మనిషి వ్యవస్థలో లేకపోవడమే అసలు లోపం. ఆ ప్రశ్న అడగవలసిన గ్రామసేవకుడు అప్పటికి లబ్ధిదారుల జాబితా రాస్తున్నాడు.

ఇందుకు ప్రతిచర్యగానే శిక్షణ - సందర్శన పద్ధతి వచ్చింది. డేనియల్ బెనోర్ రూపొందించి, ప్రపంచ బ్యాంకు బలపరచిన ఈ పద్ధతి కార్యకర్తను ఇతర పనులన్నింటినుంచి తప్పించి, వ్యవసాయ శాఖ ఏక నియంత్రణలోకి తెచ్చింది. పక్షానికొకసారి శిక్షణ, నిర్ణీత దినాన నిర్ణీత గ్రామ సందర్శన. సాంకేతికంగా పదును పెరిగింది. దానితోపాటు స్థానిక సంస్థతో విస్తరణకున్న బంధం తెగింది. సాగునీటి ప్రాంతంలో పక్షానికొక సందేశం సరిపోతుంది. వర్షాధార ప్రాంతంలో విత్తే రోజును నిర్ణయించేది సందర్శన క్యాలెండరు కాదు, వాన.

మండలం, సంఘం, సచివాలయం

అశోక్ మెహతా సంఘం 1978లో 15,000 నుంచి 20,000 జనాభాకు ఒక మండల పంచాయతీని ప్రతిపాదించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో రెవెన్యూ మండలాలు, 1986 చట్టంతో మండల ప్రజా పరిషత్తులు ఏర్పడ్డాయి. 330 సమితుల స్థానంలో సుమారు 1,100 మండలాలు వచ్చాయి. కార్యాలయం రైతుకు దగ్గరైంది. సమితికి ఉన్న ఎనిమిదిమంది నిపుణుల బృందం మాత్రం అంత చిన్న యూనిట్టుకు చీలి రాలేదు.

1980ల నుంచి మహిళా సంఘాలు మరొక దారిని తెరిచాయి. 1982-83లో మొదలైన డ్వాక్రా, నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఎగసిన సారా వ్యతిరేక ఉద్యమం తరువాత రాష్ట్రంలో పొదుపు ఉద్యమంగా పెరిగింది; 2000లో వెలుగు పథకం ఆ సంఘాలను గ్రామ, మండల సమాఖ్యలుగా కూర్చింది. సొంత పొదుపు, సొంత లెక్కలు, తిరిగి చెల్లించే క్రమశిక్షణ ఉన్న స్థానిక సంస్థ దీర్ఘకాలం నిలిచిన సందర్భం ఇది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఉపాధి హామీ పథకం, రథ్ కోరిన వేతన ఉపాధిని చట్టబద్ధమైన హక్కుగా చేసింది.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలను పేర్కొనే పదకొండవ షెడ్యూలులో మొట్టమొదటి అంశం వ్యవసాయ విస్తరణతో సహా వ్యవసాయం. అప్పగింతను రాష్ట్రాల విచక్షణకు వదిలారు. 1998లో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలలో ప్రయోగాత్మకంగా మొదలైన ఆత్మ సంస్థలు కూడా జిల్లా స్థాయి రిజిస్టర్డు సొసైటీలే. ఇటీవల తెలంగాణ 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి చొప్పున క్లస్టర్లు, వాటికి రైతు వేదికలు ఏర్పాటుచేసింది. ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాలకు అనుబంధంగా 2020లో రైతు భరోసా కేంద్రాలను నెలకొల్పింది. ఇటావా తరువాత ఇంత తక్కువ విస్తీర్ణానికి ఒక శిక్షితుడైన కార్యకర్తను నియమించడం ఇదే మొదటిసారి. ఆ కార్యకర్త వారంలో ఎక్కువ భాగం పంట నమోదు, సబ్సిడీ జాబితాలు, కొనుగోలు టోకెన్ల పనిలో గడుపుతున్నాడు. ఆయన నియామకం, బదిలీ, జీతం శాఖ చేతిలో ఉన్నాయి. గ్రామసభలో ఆయన హాజరు మాత్రం పంచాయతీ కార్యదర్శి రిజిస్టరులో నమోదవుతున్నది.